కథ కంచికి, మనం ఇంటికి – మరి కథకుడెక్కడికి?

కథ ముగియగానే "కథ కంచికి, మనం ఇంటికి" అనడం మనకు తరతరాల అలవాటు. కథ కంచికే ఎందుకు పోవాలని తర్కించినవారున్నారు గాని, చెప్పినవాడు ఎక్కడికి పోతాడని అడిగినవారు అరుదు. అతనికీ ఒక ఇల్లుంటుంది. ఆ ఇంట్లోనూ పొయ్యి వెలగాలి, పిల్లల పెళ్ళిళ్ళు కావాలి, వానాకాలం గడవాలి. ఏ రాజు ఏ కవికి ఏ అగ్రహారం ఇచ్చాడో మన సాహిత్య చరిత్రలు ఓపికగా రాసిపెట్టాయి. ఊరూరా తిరిగి, తెల్లవార్లూ గొంతు చించుకుని కథ చెప్పి బతికినవారి జమాఖర్చులను మాత్రం అంతగా పట్టించుకోలేదు. కళను గురించి పొగడ్తలు మన పత్రికలలో కావలసినన్ని వచ్చాయి గనుక, ఈ వ్యాసంలో కళతోపాటు ఆ జమాఖర్చులు కూడా ముచ్చటిద్దామని మా సంకల్పం. చివరకు ఆ లెక్క ఈ కాపెల్ దాకా ఎలా వచ్చిందో పాఠకులే చూస్తారు.

ముందుగా ఈ వృత్తి ఎంత పాతదో చూద్దాం. పదిహేనవ శతాబ్దపు రచనగా చెప్పుకునే "క్రీడాభిరామం"లో ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులలో తిరుగుతారు. అక్కడ ఒక స్త్రీ వాద్యం వాయిస్తూ, పలనాటి వీరుల కథను ద్విపదలో పాడుతూ ఉంటుంది. వింటున్న పడుచువాళ్ళు ఒక్కొక్క మాటకూ ఊగిపోతుంటారు. పలనాటి యుద్ధం జరిగింది పన్నెండవ శతాబ్దంలో. అది జరిగిన రెండు మూడు వందల ఏళ్ళకు, పలనాడుకు ఎంతో దూరాన ఉన్న ఓరుగల్లు బజారులో ఆ కథ జనాన్ని నిలబెట్టిందన్న మాట. పైగా చెబుతున్నది ఆడమనిషి, చెప్పే చోటు నగరవీధి. ఆ దృశ్యంలో ఒక కళ ఉంది, ఒక బజారూ ఉంది.

ఆ పలనాటి కథకు స్వస్థలంలో వేరే ఏర్పాటు ఉంది. కారెంపూడిలో ఏటా కార్తీక మాసంలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. అక్కడ కథాగానం చేసే హక్కు వీరవిద్యావంతులది. కత్తి చేతబట్టి ఆడుతూ పాడుతూ వారు చెప్పే కథ వినోదం కాదు, వీరులకు చేసే ఆరాధన. జీన్ రాగేర్ అనే అమెరికన్ పరిశోధకుడు అలిశెట్టి గాలెయ్య అనే విద్యావంతుని నోట ఈ కథను యావత్తూ రికార్డు చేసి, ఇంగ్లీషులోకి అనువదించి, 1982లో ఆక్స్‌ఫర్డువారి ద్వారా పెద్ద గ్రంథంగా ప్రకటించాడు. ఆ గ్రంథం శీర్షికలోనే గాలెయ్య పేరుంది. ఒక తెలుగు పల్లె కథకుని పేరు విశ్వవిద్యాలయాల బీరువాలకెక్కడం మనకందరికీ గర్వకారణం. చెప్పినవాని పేరు చెప్పడం కూడా ఒక రకం చెల్లింపే గదా!

ఇక తెలంగాణాకు వస్తే, ఈ వృత్తి అక్కడ ఒక శాస్త్రంలాగా నడిచింది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పడానికి కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పడానికి కాకిపడగలవారు, మాదిగలకు జాంబ పురాణం చెప్పడానికి డక్కలివారు, గొల్లలకు కాటమరాజు కథలు చెప్పడానికి మందహెచ్చులవారు – ఇలా ఒక్కొక్క కులానికి ఒక్కొక్క కథకుల కుటుంబవర్గం. వీరిలో కొందరు పటం వేలాడదీసి, బొమ్మ తరువాత బొమ్మ చూపుతూ కథ చెబుతారు. ఆ పటాలు రాసేది చేర్యాల నకాషీలు. మూడడుగుల వెడల్పు, ఏ అరవై అడుగులో పొడవు ఉండే గుడ్డచుట్ట అది. కొత్త పటానికి ముహూర్తం చూసి, పూజ చేసి, దేవుని బొమ్మకు కళ్ళు దిద్దుతారు. పాతబడి చిరిగిన పటాన్ని పారవేయరు. మనిషికి చేసినట్టే కర్మ చేసి నదిలో కలుపుతారు.

ఈ కథకులకు జీతం లేదు, టికెట్టు లేదు. ఉన్నది హక్కు. ఫలానా ఊళ్ళు ఫలానా కుటుంబానివి. రెండు మూడేళ్ళకొకసారి ఆ ఊరికి వస్తారు, కులపెద్దను కలుస్తారు, కులంవారంతా ఇంటికింత చొప్పున వేసుకుంటారు, కొన్ని రాత్రులు కథ జరుగుతుంది. చివర ఇచ్చే దానికి "త్యాగం" అని పేరు. అది భిక్ష కాదు. ఇవ్వకపోతే నిలదీసి అడగగల బాకీ. ఆ ఊళ్ళ హక్కులను పొలం పంచుకున్నట్టు అన్నదమ్ములు పంచుకునేవారు. అవసరం పడితే తాకట్టు పెట్టేవారు, కూతురికి కట్నంగా రాసిచ్చేవారు. మన తాతలకు పొలాలు ఎలాగో వారికి మనమే అలాగ. మన ఊరు వారి ఆస్తి, మన ఇల్లు అందులో ఒక మడి.

త్యాగానికి బదులుగా వారిచ్చేది కథ ఒక్కటే కాదు. కులం పుట్టుక, గోత్రాలు, ఇంటిపేర్లు, ఎవరు ఎక్కడినుంచి వచ్చి ఎక్కడ స్థిరపడ్డారన్న వైనం – ఇవన్నీ వారి నోట ఉండేవి. కథ మధ్యలో ఇంటి యజమాని తాత ముత్తాతల పేర్లు ఎత్తితే, ఆ యజమాని చేయి జేబులోకి దానంతట అదే పోయేది. కళలోని నేర్పూ వ్యాపారంలోని నేర్పూ అక్కడ విడదీయరానంతగా పెనవేసుకుపోయాయి.

కురుమల పూజారులైన ఒగ్గు కథకులది ఇంకొక తీరు. ఒగ్గు అంటే శివుని ఢమరుకం. మల్లన్న పట్నం వేయడం, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ చెప్పడం – ఇవన్నీ మొక్కుబడులతో ముడిపడినవి. మొక్కు ఉన్నంతకాలం కథకు పిలుపు ఉంటుంది. చుక్క సత్తయ్యగారు, మిద్దె రాములుగారు వంటి మహాకళాకారులు ఒగ్గు కథను గుడిముందు నుంచి నగరాల వేదికలమీదికి తెచ్చారు. అయినా ఒగ్గు కథకు అసలు ఆధారం ఈనాటికీ మల్లన్నే.

కోస్తా జిల్లాలలో పంథొమ్మిదవ శతాబ్దం చివర ఒక కొత్త బజారు పుట్టింది. విజయనగరం దగ్గర అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథకు రూపం దిద్ది, దానిని ఒంటరి మనిషి చేసే మహానాటకంగా మార్చారు. పట్టుపంచె, మెడలో పూలదండ, కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలు. సంగీతం, సాహిత్యం, నృత్యం, అభినయం, పురాణం, హాస్యం – అన్నీ ఆ ఒక్క మనిషే. శ్రోతలు కునికిపాట్లు పడుతున్నట్టు కనిపిస్తే పిట్టకథ అందుకోవాలి, పండితుడు ముందు వరుసలో కూర్చుంటే ఒక క్లిష్టమైన రాగం విసరాలి, వెనక నిలబడ్డ పామరుడికి అర్థమయ్యే సామెత వేయాలి. ఇదంతా అప్పటికప్పుడు నడవాలి.

హరికథకుడికి హక్కు గ్రామాలు లేవు. అతడు పిలిస్తే వచ్చేవాడు. పిలిచేవారు జమీందారులు, పెళ్ళివారు, శ్రీరామనవమి పందిళ్ళవారు, గణపతి నవరాత్రుల కమిటీలవారు. ఇచ్చేది సంభావన. చివర మంగళహారతి పళ్ళెం జనంలో తిరుగుతుంది, అందులో పడ్డది పడ్డట్టు. బయానా ఇచ్చినవారున్నారు, శాలువా కప్పి సరిపెట్టినవారూ ఉన్నారు. పంటలు ఇంటికి చేరిన సంక్రాంతి మొదలు శ్రీరామనవమి దాకా ఊపిరాడని పని, వానలు మొదలైతే ఖాళీ. కనుక దాసుగారి పేరు ఎంత పెద్దదైతే అంత దూరం నుంచి పిలుపు. కీర్తే ఇక్కడ పెట్టుబడి.

1919లో విజయనగరంలో సంగీత కళాశాల స్థాపించి, దానికి నారాయణదాసుగారినే మొదటి అధ్యక్షునిగా నియమించారు. 1936 వరకూ ఆయన ఆ పదవిలో ఉన్నారు. ఆయన తరువాత ఆ స్థానంలోకి వచ్చినవారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. కథ చెప్పే మనిషికి నెలజీతం, కుర్చీ, శిష్యగణం ఏర్పడిన ఘట్టం ఇది. అలాంటి కుర్చీ ఎందరికి దొరికిందంటే, వేళ్ళమీద లెక్కపెట్టాలి. మిగిలినవారంతా రైలు మూడో తరగతిలో మృదంగాన్ని ఒళ్ళో పెట్టుకుని తిరిగినవారే.

బుర్రకథ చరిత్ర దీనికి పూర్తిగా భిన్నం. జంగం కథ, తంబుర కథ, తందాన కథ అని పూర్వం పిలిచిన కళ అది. నడుమ తంబురా భుజాన వేసుకుని, వేలికి అందె తొడుక్కుని కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒక వంత రాజకీయం చెబుతాడు, ఇంకొకడు హాస్యం చెబుతాడు. కథకుడు పాత కథలో ఉంటాడు, వంతలు నేటి లోకంలో ఉంటారు. బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు వస్తుండగా, హాస్యపు వంత ఆ ఊరి కరణం మీద ఒక విసురు విసిరితే సభ గొల్లుమంటుంది. ఈ నిర్మాణంలోనే దాని బలం ఉంది. దానివల్లనే ప్రభుత్వాలకు దానిమీద కన్నుపడింది.

1943లో ప్రజానాట్యమండలి ఏర్పడిన తరువాత బుర్రకథ ఊరూరా మార్మోగింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్‌గారు పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలతో వేలాది జనాన్ని కూర్చోబెట్టారు. బెంగాల్ కరువు మీద కథ చెబితే విన్నవారు కంటతడి పెట్టారు. మోటూరి ఉదయంగారు స్త్రీల దళాన్ని నడిపి, మగవారికే పరిమితమనుకున్న తంబురాను భుజానికెత్తుకున్నారు. మద్రాసు ప్రభుత్వమూ, నిజాం ప్రభుత్వమూ కూడా బుర్రకథను నిషేధించిన రోజులున్నాయి. కవిత్వాన్ని మెచ్చుకోవడానికి పండితులు చాలు. ఒక కథ ఎంతమందికి తగులుతుందో తెలుసుకోవాలంటే పోలీసులను అడగాలి!

ఆ తరువాత రంగం మారింది. నాజర్‌గారి బుర్రకథ "పుట్టిల్లు" (1953), "అగ్గిరాముడు" (1954) చిత్రాలలో వెండితెరకెక్కింది. రేడియోలో బుర్రకథకు చోటు దొరికింది. 1954లో కేంద్ర ప్రభుత్వం పాటల, నాటకాల విభాగాన్ని ఏర్పాటు చేసింది. ఒకనాడు బుర్రకథను నిషేధించిన సర్కారే ఇప్పుడు కుటుంబనియంత్రణ, చిన్న మొత్తాల పొదుపు, అక్షరాస్యత గురించి కథ చెప్పమని ప్రోగ్రాముకింత అని ఇచ్చింది. కథకులకు నాలుగు డబ్బులు వచ్చాయి, కాదనలేము. కాని వంతకు రాజకీయం చెప్పే స్వేచ్ఛ పోయింది. జీతమిచ్చేవాని మీద హాస్యం చెప్పడం ఏ దేశంలోనూ సులువు కాదు. నాజర్‌గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో ఆయన కన్నుమూశారు. "పింజారి" అన్న పేరుతో వెలువడిన ఆయన ఆత్మకథ ప్రతి తెలుగింట ఉండదగిన పుస్తకం.

ఇంతవరకూ చెప్పినదాన్ని ఒక చోట కూర్చి చూద్దాం. కథకుణ్ణి పోషించినవి నాలుగు: కులం, దేవుడు, ధనవంతుడు, పార్టీ లేక ప్రభుత్వం. జమీందారీలు రద్దయ్యాయి. పార్టీలకు మైకులు, సినిమా పాటలు దొరికాయి. ప్రభుత్వానికి టెలివిజన్ వచ్చింది. దేవుడు ఒక్కడూ కొంత నిలకడగా ఉన్నాడు. మరి కులం, ఊరు? ఇవి ఎక్కడికి పోయాయి? సినిమా వచ్చి మన జానపద కళలను మింగివేసిందని అందరూ అంటారు. అందులో నిజం లేకపోలేదు. కాని త్యాగం ఇచ్చే ఇల్లు తాళం వేసి ఉంటే, సినిమా ఉన్నా లేకపోయినా కథకుడు చేయగలిగిందేముంది? పొలం అమ్మి హైదరాబాదు పోయినవారు, చదువుకుని మద్రాసు, బొంబాయి పోయినవారు, 1965 నాటి ఇమిగ్రేషన్ చట్టం తరువాత డాక్టర్లుగా, ఇంజినీర్లుగా, ఆ తరువాత కంప్యూటర్ ఉద్యోగాలలో అమెరికా చేరినవారు – వీరిలో ఎన్ని ఇళ్ళు ఏదో ఒక కథకుని హక్కులో లెక్కగా ఉండేవో! పైన చెప్పిన మడులలో కొన్ని ఇవాళ డాలస్ విమానాశ్రయం పక్కన, ఈ కాపెల్ వీధులలో ఉన్నాయి. ఆ హక్కును ఎవరూ రద్దు చేయలేదు. అడగడానికి రావలసిన మనిషికి దారి మాత్రం చాలా దూరమైపోయింది.

దీని పర్యవసానం తెలియాలంటే ఒక్క ఉదాహరణ చాలు. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ వీరగాథలు పాడే దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అంతకు ముందు సంవత్సరమే ఆయన గొంతు ఒక పెద్ద సినిమా పాటలో మన పిల్లలంతా విన్నారు. అదే మొగులయ్యగారు హైదరాబాదు శివార్లలో ఇళ్ళు కట్టే చోట దినకూలీగా పనిచేస్తున్నారని 2024 మే నెలలో పత్రికలు ఫొటోలతో సహా రాశాయి. బిరుదు వేరు, బతుకుతెరువు వేరు అని ఇంతకన్న స్పష్టంగా ఎవరు చెప్పగలరు? హరికథకు 2023లో కోట సచ్చిదానంద శాస్త్రిగారి ద్వారా, 2024లో ఉమామహేశ్వరిగారి ద్వారా పద్మశ్రీలు దక్కాయి. సంతోషమే. కాని పతకంతో వానాకాలం గడవదు.

ఇక్కడ అమెరికా సంగతి కొంత చెప్పుకోవాలి. ఈ దేశంలోనూ కథ చెప్పడం అమ్మమ్మల పని అనుకుంటున్న కాలంలో, 1973లో టెనెసీ రాష్ట్రంలోని జోన్స్‌బరో అనే చిన్న ఊళ్ళో జిమ్మీ నీల్ స్మిత్ అనే బడిపంతులు ఒక గడ్డిబండిని వేదికగా చేసి కథలు చెప్పించాడు. వచ్చిన జనం కొద్దిమందే. అది ఏటా జరిగే జాతీయ ఉత్సవమైంది. డేరాలు వేసి, టికెట్లు పెట్టి, వేలాది జనం కూర్చుని కథలు వింటారు. దాన్ని చూసి రాష్ట్రానికొక సంఘం వెలిసింది. మనకు అరగంట దూరంలోని డెంటన్ పట్టణంలో 1986లో మొదలైన టెక్సాస్ కథకుల ఉత్సవం ఆ వరుసలోదే. ఈ దేశపు వృత్తికథకుడు బడులకు, గ్రంథాలయాలకు, ఉత్సవాలకు పోతాడు. ఎంతసేపు చెప్పాలి, ఎంత ఇస్తారు, దారిఖర్చు ఎవరిది అన్నది ముందే కాగితం మీద ఉంటుంది. అడగడానికి అతను సిగ్గుపడడు, ఇవ్వడానికి వీరు మొహం ముడుచుకోరు.

విచిత్రమేమంటే, సరిగ్గా ఆ 1973లోనే గోదావరి ఒడ్డున కపిలేశ్వరపురంలో ఎస్.బి.పి.బి.కె. సత్యనారాయణరావుగారు శ్రీ సర్వారాయ హరికథా పాఠశాలను నెలకొల్పారు. ఆడపిల్లలకు వసతి, భోజనం ఇచ్చి హరికథ నేర్పే పాఠశాల అది. ఉమామహేశ్వరిగారు అక్కడి విద్యార్థినే. జోన్స్‌బరోలో వినేవారిని తయారుచేశారు. కపిలేశ్వరపురంలో చెప్పేవారిని తయారుచేశారు. రెండూ ఒకచోట కలిస్తే ఈ వృత్తికి ఏ లోటూ ఉండేది కాదు. మనకు చెప్పేవారు ఇంకా ఉన్నారు, పిలిచేవారే తగ్గారు.

కనుక మన సంఘాలవారి ముందు కొన్ని మాటలు మనవి చేస్తున్నాం. ఉగాది, సంక్రాంతి కార్యక్రమాలలో సినిమా డాన్సుల మధ్య ఇరవై నిమిషాల "ఐటం"గా హరికథనో బుర్రకథనో ఇరికించడం చాలాచోట్ల చూస్తున్నాం. మూడు గంటలు నడవవలసిన కథ ఇరవై నిమిషాల్లో చెబితే దానిలో దుస్తులు మిగులుతాయి, కథ మిగలదు. పిట్టకథకు చోటుండదు, వంతకు నోరుండదు. పిలిస్తే ఒక సాయంత్రం పూర్తిగా ఇవ్వాలి. సంభావన ముందే చెప్పాలి, కథకునికే గాక వంతలకు, మృదంగానికి కూడా వేరువేరుగా చెప్పాలి. "అమెరికా చూపిస్తున్నాం గదా" అన్నది సంభావన కింద జమకాదు.

రెండవ మాట. కళాకారుల వీసా, విమానం, బస అన్నీ కలుపుకుంటే, ముగ్గురు మనుషుల బుర్రకథ దళాన్ని ఇక్కడికి రప్పించే ఖర్చుతో అక్కడ ఎన్నో రాత్రులు కథ చెప్పించవచ్చు. కాబట్టి ఎవరి ఊళ్ళో వారు, తమ పెద్దల పేరిట, ఏడాదికొక రాత్రి కథ పెట్టిస్తే ఎలా ఉంటుంది? జనగామవారు ఒగ్గు కథ, పలనాడువారు వీరుల కథ, విజయనగరంవారు హరికథ. ఊరివారు వింటారు, కథకునికి పని దొరుకుతుంది, వీడియో తీయిస్తే ఇక్కడ మన పిల్లలూ చూస్తారు. పూర్వం సభలో చదివింపులు వచ్చినప్పుడు ఇచ్చినవాని పేరు పాటలో కలిపేవారు. మన పేరు మన ఊళ్ళో మళ్ళీ ఒకసారి వినిపించడం చిన్న సంగతి కాదు.

మూడవది ఖర్చులేని పని. మన ఇళ్ళకు వేసవిలో అమ్మానాన్నలు, తాతలు వస్తుంటారు. మన ఊరికి కథ చెప్పడానికి ఎవరు వచ్చేవారు, ఏ నెలలో వచ్చేవారు, ఏ కథ చెప్పేవారు, ఎవరింట దిగేవారు, ఏమిచ్చి పంపేవారు – ఈ అయిదు ప్రశ్నలు అడిగి రాసిపెట్టండి. వచ్చిన జవాబులను ఈ పత్రికకు పంపితే తప్పక అచ్చువేస్తాం. మన పిల్లలు బడిలో వంశవృక్షం గీయవలసి వచ్చినప్పుడు మూడు తరాల దగ్గర ఆగిపోతున్నారు. నాలుగో తరం పేరు ఏ కథకుని నోటనో ఇంకా ఉండవచ్చు. ఆ మనిషి ఉన్నప్పుడే అడగాలి, అడిగినందుకు త్యాగం చెల్లించాలి.